పొట్టి స్కేలుతో సరైన సమాధానం

మా బడిలో సమాధానం ముందు వస్తుంది, ప్రయోగం తర్వాత. ఇందులో దాపరికం ఏమీ లేదు. ల్యాబ్‌లో నల్లబల్ల పైమూల 980 అని రాసి ఉంటుంది. సుద్దతో రాస్తే చెరిగిపోతుందని తెల్లరంగు పూయించారు. ఆ రంగు పూసింది నేనే. ల్యాబ్ అటెండరుగా ఇరవై ఆరేళ్లలో నేను చేసిన పనుల్లో పిల్లలందరికీ ఉపయోగపడింది అదొక్కటే.

980 అంటే భూమి వస్తువులను తన వైపు లాగే లెక్క. దారానికి ఒక ఇనుప గుండు కట్టి ఊపాలి. అది ఇరవై ఊపులు ఊగడానికి ఎంతసేపు పట్టిందో చూసి, దారం పొడవు కొలిచి లెక్క వేస్తే ఆ అంకె రావాలి. పుస్తకంలో అలా ఉంది. మా దగ్గర అంకె నుంచి మొదలుపెట్టి వెనక్కి వస్తారు. 980 రావాలంటే ఎన్ని సెకన్లు పట్టి ఉండాలో లెక్క చూసి, ఆ సెకన్లు పట్టికలో వేస్తారు. పిల్లలు దీన్ని వెనకలెక్క అంటారు. గుండు మాత్రం కొక్కేనికి వేలాడుతూ ఉంటుంది. దానికి ఊగే పని పెద్దగా పడలేదు.

భౌతికశాస్త్రం చెప్పే ఆయన్ని అందరూ ఎనభై మాస్టారు అంటారు. తొమ్మిదివందలు పలకడం బరువై పిల్లలు దించేశారు. ఆయన మరీ మోటు మనిషేం కాదు. అందరికీ ఒకటే అంకె వస్తే అనుమానం వస్తుందని హాజరు పట్టీలో బేసి నంబర్లవాళ్లని 979, సరి నంబర్లవాళ్లని 981 వేసుకోమనేవాడు. ప్రకృతిలో కొంచెం తేడా సహజమని పాఠం కూడా చెప్పేవాడు.

పక్క గది జీవశాస్త్రం. అక్కడి సూక్ష్మదర్శినికి కింది కటకం పోయి ఆరేళ్లయింది. ఉల్లిపొర పెట్టి చూస్తే వెలుతురు తప్ప ఏమీ కనిపించదు. మేడమ్ పిల్లల్ని వరసలో నిలబెట్టి ఒక్కొక్కరి చేత చూపించేది. కణాలు కనిపించాయా అని అడిగేది. కనిపించాయనేవాళ్లు. నల్లబల్ల మీద ఆవిడ వేసిన బొమ్మ చూసి గోడలు, కేంద్రకం అన్నీ గీసుకునేవాళ్లు. ఒకడు పాపం తన కనురెప్ప వెంట్రుకలు అద్దంలో కనపడితే అవే గీశాడు. వాటి మధ్య ఒక చుక్క పెట్టి కేంద్రకం అని పేరు రాశాక మేడమ్ అతనికీ మార్కులు వేసింది.

ఆ వరసలో ఒక్క పిల్ల ఏమీ కనిపించలేదంది. మేడమ్ సరిగ్గా చూడమంది. ఆ పిల్ల ఇంకోసారి చూసి, ఇంకోసారి చూసి, ఖాళీ వృత్తం గీసి కింద “వెలుతురు” అని రాసింది.

కుట్టుపని చేసే ఆవిడ కూతురు ఆ పిల్ల. ప్రతిదానికీ ఇంకోసారి చేస్తాననడం వల్ల క్లాసులో దాని పేరు ఇంకోసారమ్మ అయింది. వాళ్లమ్మ కుట్టే బట్టని ఎప్పుడూ రెండుసార్లు కొలిచి ఒకసారి కత్తిరించడం చూస్తూ పెరిగింది. ఆ అలవాటు బడిలో పనికిరాదని దానికెవరూ చెప్పలేదు.

ప్రాక్టికల్స్ మొత్తం ముప్పై మార్కులు, రెండు శాస్త్రాలకీ చెరి సగం. పదకొండు వస్తే పాసు. రాకపోతే రాతపరీక్షలో ఎన్ని వచ్చినా ఏడాది పోయినట్టే. ఇంకోసారమ్మకి రక్తపరీక్షలు చేసే చదువులో చేరాలని ఉంది. దరఖాస్తు కాగితం తెచ్చుకుని రికార్డు పుస్తకం అట్టలో పెట్టుకుంది. ఖాళీ వృత్తానికి జీవశాస్త్రంలో రెండు మార్కులొచ్చాయి. అవీ చేతిరాత బాగుందని వేసినవి. అంటే ఇక భౌతికశాస్త్రంలో పదిహేనుకి తొమ్మిది రావాలి.

అందుకని నిజంగానే ప్రయోగం చేయడం మొదలుపెట్టింది.

బడి వదిలాక అరగంట ల్యాబ్ తెరిచి ఉంచమని నన్ను అడిగింది. ఇంటికి వెళ్తే నాకు పలకరించేవాళ్లు లేరు. ఉంచాను. గుండు దుమ్ము తుడిచింది. స్టాప్‌వాచ్ పనిచేస్తుందో లేదో గోడగడియారంతో సరిచూసింది. మీటరు స్కేలుతో దారం కొలిచింది. వంద సెంటీమీటర్ల పొడవుకి లెక్క వేస్తే 1012 వచ్చింది. ఎనభైకి 1021. అరవైకి 1035. మూడు రోజులు చేసింది. ఒకటి రెండు అంకెల తేడాతో మళ్లీ అవే వచ్చాయి.

ఎనభై మాస్టారు పుస్తకం చూసి నవ్వాడు. నల్లబల్ల మీద ఉన్నది వేసుకోమన్నాడు.

“రావట్లేదు సార్,” అంది.

“రాకపోతే రప్పించుకోవాలమ్మా. చదువంటే అదే.”

నాకు కారణం తెలుసు. తొమ్మిదేళ్ల కిందట హెడ్మాస్టరు కుర్చీకి ఒక కాలు పొట్టిదై, ఆయన సంతకం పెట్టినప్పుడల్లా కుర్చీ ఊగేది. వడ్రంగి ఇదిగో వస్తానని రాలేదు. ఏదైనా గట్టి చెక్కముక్క పెట్టమన్నాడాయన. ల్యాబ్‌లో రెండు మీటరు స్కేళ్లు ఉండేవి. ఒకటి డ్రిల్లు మాస్టారు పట్టుకెళ్లి పిల్లల వీపుల మీద విరగ్గొట్టాడు. రెండోదానికి సున్నా వైపు మూల చిట్లి ఉంది. దాన్ని మూడు సెంటీమీటర్లు రంపంతో కోసి ముక్క కుర్చీ కింద పెట్టాను. ఇత్తడి తొడుగు ఊడదీసి కోసిన చివరకి మళ్లీ బిగించాను. ఆ వైపు అంకెలు చేతుల రాపిడికి అరిగిపోయి, పది నుంచే కనపడేవి. చూస్తే స్కేలు నిండుగానే ఉండేది.

తొమ్మిదేళ్లు. ఏడాదికి నలభై, యాభై మంది. ఒక్కరూ పసిగట్టలేదు. కొలిస్తే కదా.

తప్పు నాది కాదని నేననను. ఆ రోజు చెప్పాల్సింది, చెప్పలేదు. కుర్చీ నిలబడిందని హెడ్మాస్టరు నా భుజం తట్టాడు. అదే పెద్ద బహుమానం అనుకున్నాను. తర్వాత నాలుగేళ్ల కిందట మా ఆవిడ నీరసంగా ఉందని రక్తపరీక్ష చేయించాను. అన్నీ బాగానే ఉన్నాయని కాగితం వచ్చింది. అంకెలు ముచ్చటగా ఉన్నాయి. పది రోజుల తర్వాత పెద్దాసుపత్రిలో ఇంకో పరీక్ష చేసి, ఒంట్లో రక్తం సగం కూడా లేదు, ఇన్నాళ్లు ఏం చేశారని అడిగారు. ఆ వారమే పోయింది. మొదటి కాగితం రాసినవాడి దగ్గరికి వెళ్లాను. మా బడి పిల్లాడే. మా ల్యాబ్‌లో పదిహేనుకి పదిహేను తెచ్చుకున్నవాడు.

“మెషిను ఆ రోజు పాడైంది బాబాయ్,” అన్నాడు. “మామూలుగా ఆడవాళ్లకి ఎంత ఉంటుందో అంత వేశాను.”

వాణ్ణి నేను క్షమించలేదు. వాడికి పదిహేను వేసినవాణ్ణీ క్షమించలేదు. వాడి చేతికి పొట్టి స్కేలు ఇచ్చినవాణ్ణి ఉదయం గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో చూస్తుంటాను.

అయినా ఇంకోసారమ్మకి చెప్పలేదు. ఒక్క ఏడాది ఉద్యోగం మిగిలింది. అంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు.

నాలుగో రోజు ఆ పిల్ల గళ్ల కాగితం మీద గీత గీసింది. ఒక వైపు దారం పొడవు, ఇంకో వైపు ఊపుకి పట్టిన సమయం వర్గం. గీత సున్నా నుంచి బయల్దేరాలి, దారమే లేకపోతే ఊపూ ఉండదు కనక. దీని గీత సున్నాని తప్పించుకుని పైన తగిలింది.

“బాబాయ్, ఇది చూడండి. ఊపు ఏమీ లేనప్పుడు కూడా దారం మూడు సెంటీమీటర్ల పైన ఉందంటోంది. లేని దారం ఎక్కడి నుంచి వచ్చింది?”

నేను కిటికీలు మూస్తున్నాను. వేళయింది, ఇంటికి వెళ్లమన్నాను. గీత వైపు చూడలేదు. తొమ్మిదేళ్ల కిందట నేను తలుపు వేసుకుని చేసిన పని దారం, గుండు, గడియారంతో ఆ పిల్ల కనిపెట్టేసింది. ఎవరు చేశారో ఒక్కటే తెలియదు.

పరీక్ష రోజు వేరే బడి నుంచి పరీక్షకుడు వచ్చాడు. లావుపాటి మనిషి, మాట మెత్తన. ముందు టీ తాగాడు. రికార్డు పుస్తకాలు దొంతరగా పెడితే పైనున్నది తెరిచి, మిగతావి అంచులు చూసి సంతకాలు చేశాడు. నలభై ఎనిమిది మంది పిల్లలు. ఇంకోసారమ్మది చివరి నంబరు. నలభై ఏడు మంది వరసగా వచ్చి గుండుని ఒకసారి తట్టి, పట్టిక నింపి వెళ్లారు. బేసివాళ్లు 979. సరివాళ్లు 981. ఒకడు కంగారులో 981 బదులు 891 వేస్తే ఎనభై మాస్టారు దగ్గరుండి దిద్దించాడు.

ఇంకోసారమ్మ ఇరవై ఊపులు లెక్కపెట్టింది. గదిలో అది కొత్త దృశ్యం. పరీక్షకుడు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. పట్టిక అతని చేతికొచ్చాక కళ్లద్దాలు సర్దుకున్నాడు.

“వెయ్యి ముప్పై అయిదా,” అన్నాడు. “భూమి నిన్నొక్కదాన్నే ఎక్కువ లాగుతోందా అమ్మాయ్?”

“భూమి కాదండీ. స్కేలు తక్కువుంది.”

ఎనభై మాస్టారు అందుకున్నాడు. ఈ పిల్ల సంగతి ఇంతేనన్నాడు. జీవశాస్త్రంలో కూడా కణానికి బదులు సున్నా చుట్టిందన్నాడు. పరీక్షకుడు కోపగించుకోలేదు. మూడంకెలూ కొట్టేసి 980 వేసుకుంటే పన్నెండు వేస్తానన్నాడు. లేకపోతే ఆరుకి మించి వేయలేనన్నాడు. ఎరుపు కలం మూత తీసి పట్టుకున్నాడు. ఆ పిల్ల తల వంచుకుని పట్టిక వైపు చూస్తోంది. చేతిలో పెన్సిలు ఉంది. కొట్టేస్తుందేమో అనిపించింది.

తర్వాత నేనేం ఆలోచించానో చెప్పలేను. ఆ పిల్ల పెన్సిలు పెట్టెలోంచి చిన్న ప్లాస్టిక్ స్కేలు తీసి, మీటరు స్కేలు చివర పక్కన పెట్టాను. ఇత్తడి అంచు నుంచి పది అన్న గుర్తు దాకా ఏడు సెంటీమీటర్లు కూడా లేదు.

“తొమ్మిదేళ్ల కిందట నేనే కోశానండీ,” అన్నాను. “ఆ ముక్క హెడ్మాస్టరుగారి కుర్చీ కింద ఉంది.”

పరీక్షకుడు ముందు ఊరట పడ్డాడు, పాపం. అయితే ఈ అమ్మాయి చెప్పింది సరే కదా అన్నాడు. ఆ తర్వాత అతని ముఖం నెమ్మదిగా మారింది. నలభై ఏడు పట్టికల దొంతర వైపు చూశాడు.

“మరి వీళ్లందరూ దేంతో కొలిచారు?”

ఎనభై మాస్టారు బల్ల మీది తెల్లరంగు అంకెని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

హెడ్మాస్టరుని పిలిచారు. ఆయన పరీక్షకుణ్ణీ, ఎనభై మాస్టారినీ తన గదికి తీసుకెళ్లాడు. ఏం మాట్లాడుకున్నారో తెరిచి ఉన్న తలుపులోంచి సగం వినపడింది. స్కేలు పొట్టిదైతే నలభై ఏడు మంది పరీక్ష తప్పాలి. స్కేలు నిండైతే ఒక్క పిల్ల తప్పాలి. ఆ ఒక్కతే తప్పితే అటెండరు చెప్పింది బయటికి పొక్కుతుంది. అరగంట గుంజాటన తర్వాత ఎనభై మాస్టారికి దారి దొరికింది. పాతికేళ్ల అనుభవం ఊరికే పోతుందా. కావలసిన సమాధానం పైన రాసుకుని వెనక్కి వచ్చాడు.

నలభై ఏడు మంది సరే. నలభై ఎనిమిదో పిల్లా సరే. అలా అవ్వాలంటే స్కేలు ఎప్పుడు తెగి ఉండాలి? నలభై ఏడో పిల్లాడు వెళ్లాక, నలభై ఎనిమిదో పిల్ల రాకముందు.

నన్ను లోపలికి పిలిచి కాగితం ముందు పెట్టారు. ఈ రోజు పదకొండు గంటల నలభై నిమిషాలకి పొరపాటున స్కేలు చివర కోశానని నేను రాసివ్వాలి. ఇస్తే అందరూ పాసు, ఇంకోసారమ్మతో సహా. పరీక్షకుడు పద్ధతి మనిషి. మూడు సెంటీమీటర్లు కోయడానికి ఎంతసేపు పడుతుందని అడిగాడు. ఆ రోజు మొత్తం మీద అతను అడిగిన ఒకే ఒక్క శాస్త్ర సంబంధమైన ప్రశ్న అది. రెండు నిమిషాలన్నాను. అయితే పదకొండూ నలభై రెండుకి పూర్తయిందని కూడా రాయమన్నాడు.

రాశాను. పిల్ల పాసవుతుందని రాశాను. సంతకం పెడుతుంటే హెడ్మాస్టరు కుర్చీ కదలకుండా నిలబడి ఉంది.

ఒక్క చిక్కు మిగిలిందన్నాడు పరీక్షకుడు. ఇంకోసారమ్మ రికార్డులో మూడు వారాల కిందటి తేదీలతో అవే కొలతలు ఉన్నాయి. స్కేలు ఇవాళ తెగితే అప్పుడవి ఎలా వస్తాయి? ఆ పేజీలు చింపేయాలి. పిల్లని పిలిచారు. నేను రాసిన కాగితం హెడ్మాస్టరే గట్టిగా చదివి వినిపించాడు. ఇప్పుడు నువ్వు రైటేనమ్మా, పదిహేనుకి పదిహేను, ఆ మూడు పేజీలు చింపి ఇలా ఇచ్చెయ్ అన్నాడు.

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

“ఇవాళ కోశారా బాబాయ్?”

హెడ్మాస్టరు నా కాగితం మడిచి ఫైలులో పెట్టాడు.

“ఈ పేజీలు నేను చేసినవి సార్. చింపను,” అంది.

మంచిగా చెప్పారు. గట్టిగా చెప్పారు. వాళ్లమ్మ పేరెత్తారు. రక్తపరీక్షల చదువు పేరెత్తారు. ఆ పిల్ల చెయ్యి పుస్తకం మీద నుంచి తీయలేదు. చివరికి పరీక్షకుడు విసుగొచ్చి మార్కుల పట్టీ తీశాడు. సున్నా వేస్తే ఎందుకు వేశావని పైవాళ్లు అడుగుతారు. పదిహేను వేస్తే రికార్డు అడుగుతారు. ఆలోచించి, ఆ గడిలో గైర్హాజరు అని రాశాడు. ఆ పిల్ల అతని ఎదురుగా, చేతికందేంత దూరంలో నిలబడి ఉంది.

నా కాగితం మాత్రం ఫైలులో ఉండిపోయింది. నలభై ఏడు మందికీ అది కాపు కాసింది. ఎవరి కోసం రాశానో వాళ్లకి తప్ప అందరికీ పనికొచ్చింది.

మధ్యాహ్నం ల్యాబ్ సర్దుతుంటే ఆ పిల్ల వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఏడ్చిన కళ్లు.

“ఎందుకు రాసిచ్చారు?”

“నువ్వు పాసవుతావని.”

“నేను అడిగానా?”

అడగలేదు. నా దగ్గరున్న జవాబులన్నీ మా ఆవిడ పోయినప్పుడు పక్కింటివాళ్లు నాకు చెప్పిన ఓదార్పుల్లాంటివే. కాసేపటికి తనే బెంచీ మీద కూర్చుని రికార్డు నాలుగో పేజీ తిప్పి చూపించింది. పొడవు ఎంత పెరిగితే సమయం ఎంత పెరిగిందన్న తేడా మాత్రమే తీసుకుంటే, మొదట్లో తెగిన ముక్క లెక్కలోకే రాదట. అలా చూస్తే దానికి 979 వచ్చింది. నలభై ఎనిమిది మందిలో ఆ అంకె నిజంగా వచ్చింది దానికొక్కదానికే.

“ఇది ఆయనకి చూపించలేదేం?” అన్నాను.

“చూపించడానికేముంది బాబాయ్, పేజీ తిప్పితే ఉంది. ఆయన మూడో పేజీ దగ్గరే ఆగిపోయాడు.”

తెల్లకాగితం అడిగి తీసుకుని దాని ముందే రాయడం మొదలుపెట్టాను. ఏ ఏడాది కోశాను, ఎవరి కుర్చీ కోసం కోశాను, ముక్క ఎక్కడుంది, పొద్దున రాసిచ్చింది అబద్ధం ఎందుకయింది. నా చేతిరాత బాగుండదు. ఆ పిల్ల పక్క నుంచి చదువుతోంది. మూడు సెంటీమీటర్లు కోశానని రాసిన చోట వేలు పెట్టింది.

“మూడు పాయింట్ రెండు,” అంది.

“మూడే. గుర్తు పెట్టి కోశాను. ముక్క సరిగ్గా మూడు.”

“ముక్క మూడే అయ్యుంటుంది. స్కేలు తగ్గింది మూడు పాయింట్ రెండు. మరి రంపం ఏమీ తినలేదా?”

రంపపు పొట్టు ఆ రోజు నేనే ఊడ్చి పారబోశాను. రెండు మిల్లీమీటర్ల పొట్టు. దాన్ని కూడా వదిలిపెట్టలేదు ఈ పిల్ల. మూడు కొట్టేసి, పైన మూడు పాయింట్ రెండు అని రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టాను.

ఆ కాగితం ఒకటి పైఆఫీసుకి పంపాను. దానికి జవాబు రాలేదు. బడి నుంచి నాకు మెమో వచ్చింది, పరీక్ష జరుగుతుండగా సామగ్రి పాడుచేసినందుకు. కింద నా సంతకమే సాక్ష్యం. ఎనభై మాస్టారికి ఆ ఏడాది నూటికి నూరు శాతం పాసైనందుకు శాలువా కప్పారు. గైర్హాజరైన వాళ్లు లెక్కలోకి రారు.

గైర్హాజరైన వాళ్లకి నెల తిరక్కుండా వేరే బడిలో పరీక్ష పెడతారు. ఇంకోసారమ్మ వాళ్లమ్మ పని వదిలి రాలేనంటే నేను వెంట వెళ్లాను. అక్కడి ల్యాబ్‌లోనూ బల్ల పైమూల 980 ఉంది, కాకపోతే పసుపు రంగుతో. అటెండరు నా ఈడువాడే. స్కేలు చేతికివ్వగానే ఆ పిల్ల పెన్సిలు పెట్టెలోంచి ప్లాస్టిక్ స్కేలు తీసి దాని పక్కన పెట్టింది. అటెండరుకి చిన్నతనం అనిపించినట్టుంది. మా స్కేలుకేం రోగం, ఇన్నేళ్లలో ఎవరూ ఇలా చూడలేదన్నాడు, నన్ను సాక్ష్యం అడుగుతున్నట్టు.

“చూడనీ,” అన్నాను.

వాడు పక్కకి జరిగాడు. ఆ పిల్ల సున్నా నుంచి పది దాకా కొలిచింది, పది నుంచి ఇరవై దాకా కొలిచింది. స్కేలు మొత్తం పది పదులుగా కొలిచేదాకా గుండు ముట్టుకోలేదు. వెనక వరసలో ఎవరో ఇదెప్పటికి తెమిలేనని గొణిగారు. బయట వరండాలో నేను కూర్చోవడానికి స్టూలు ఉంది. కూర్చోలేదు. కిటికీ పక్కన నిలబడి, ఆ పిల్ల పెదవులు కదులుతుంటే ఇరవై ఊపులూ నేనూ లెక్కపెట్టాను.

పదిహేనుకి తొమ్మిది వేశారు, పాసుకి సరిగ్గా సరిపోయేటన్ని. ఆలస్యం చేసినందుకు ఆరు తీసేశారట.